మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యతో ఇటలీ రైళ్లలో: మా ఇంటి రివ్యూ

"పెద్దావిడని పెట్టుకుని యూరప్ ఏమిటమ్మా, అక్కడ ఎన్ని అవస్థలు పడతారో!" ఇటలీ వెళ్తున్నామంటే మా పర్లాకిమిడిలో అందరూ అన్న మాట ఇదే. మా అత్తయ్యకి డెబ్బై దగ్గర పడుతున్నాయి. మోకాళ్లు రెండూ నొప్పే, నాలుగు మెట్లెక్కితే ఆగి ఊపిరి తీసుకోవాలి. అయినా ఆవిడ, మా ఆయన, నేను, తొమ్మిదేళ్ల మా బాబు కలిసి అక్కడ పూర్తిగా రైళ్ల మీదే తిరిగి హాయిగా వచ్చాం. ఇంట్లో పెద్దవాళ్లున్నారని యూరప్ ఆలోచన పక్కన పెట్టేసినవాళ్ల కోసం ఈ రివ్యూ రాస్తున్నాను.

ముందు ఒక ట్రావెల్స్‌వాళ్లని అడిగాం. వాళ్లిచ్చిన ప్లాన్‌లో దేశాలు ఎక్కువ, రాత్రి నిద్రలు తక్కువ. పొద్దున్నే సామాను సర్దుకుని బస్సెక్కడం, సాయంత్రం ఇంకో హోటల్లో దిగడం. అత్తయ్య మోకాళ్ల సంగతి చెబితే, "అందరూ చేస్తున్నారు కదండీ" అన్నారు. ఆ కాగితం అక్కడే వదిలేశాం. ఒక్క దేశం, రెండు మకాములు చాలనుకున్నాం: ముందు రోమ్, తర్వాత సిసిలీ ద్వీపంలో కతానియా. హోటళ్లు రెండూ స్టేషన్‌కి దగ్గర్లో తీసుకున్నాం. టెన్షన్ సగం అక్కడే పోయింది.

వెళ్లింది మే చివర్లో. మన ఒడిశా బడులకి సెలవులు, అక్కడ సముద్రం పక్కన కూర్చోడానికి సరిపడా ఎండ. దక్షిణ ఇటలీలో జూలై, ఆగస్టుల్లో ఎండ బాగా మండుతుంది, జనమూ ఎక్కువే. వీలుంటే ఆ రెండు నెలలూ వదిలేయండి.

యూరప్‌లో చాలా దేశాల రైళ్లకి పనికొచ్చే యూరైల్ పాస్ కొనాలా అని చాలామంది అడిగారు. మేం కొనలేదు. నాలుగైదు దేశాలు చుట్టేవాళ్లకి అది బాగుంటుంది. 4 నుంచి 11 ఏళ్ల పిల్లలకి పెద్దవాళ్ల పాస్‌తో ఉచితం కూడా. కానీ ఇటలీలో ఫ్రెచ్చారోస్సా లాంటి హైస్పీడ్ రైళ్లకి పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కి వేరే డబ్బు కట్టాలి. ఒక్క దేశంలో ఒకటి రెండు పెద్ద ప్రయాణాలకి విడి టికెట్లే మేలు. హైస్పీడ్ టికెట్ ముందుగా కొంటే చవక. ఫ్యామిలీ ఆఫర్‌లో పెద్దవాళ్లు బేస్ ఫేర్, అంటే తగ్గింపు లేని మామూలు రేటు కడితే 15 ఏళ్ల లోపు పిల్లలకి ఉచితం. అందుకని రెండు విధాలా లెక్క వేసుకుని కొనండి. దగ్గర ఊళ్ల మధ్య తిరిగే రీజనల్ రైళ్లకి ఆ గొడవే లేదు. ఎప్పుడు కొన్నా ఒకటే రేటు, అప్పటికప్పుడు స్టేషన్లో తీసుకోవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి: కాగితం టికెట్ అయితే ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గరి మిషన్‌లో పెట్టి ముద్ర వేయించాలి, ఫోన్ టికెట్ అయితే చెక్‌ఇన్ నొక్కాలి. లేకపోతే టికెట్ చేతిలో ఉన్నా జరిమానా పడొచ్చు.

ఇక అసలు సంగతి, సాలా బ్లూ. మన ట్రావెల్స్‌వాళ్లెవరూ దీని పేరెత్తరు. ఇటలీలో పట్టాలనీ స్టేషన్లనీ చూసుకునే ఆర్‌ఎఫ్‌ఐ సంస్థ నడిపే సహాయ సేవ ఇది. నడక కష్టమైనవాళ్లకి, కళ్లు సరిగా కనపడనివాళ్లకి, పెద్ద వయసువాళ్లకి స్టేషన్లో దగ్గరుండి రైలెక్కిస్తారు, దిగే స్టేషన్లో వాళ్ల మనిషి ఎదురొచ్చి దింపుతాడు. ఒక్క యూరో కూడా తీసుకోరు. యూరోపియన్ యూనియన్ రైలు ప్రయాణికుల హక్కుల నియమాల్లోనే ఈ సాయం ఉచితంగా ఇవ్వాలని ఉంది. పెద్ద స్టేషన్లలో వీళ్ల ఆఫీసు ఉంటుంది, ఇంగ్లీషులో మాట్లాడొచ్చు. ముందురోజే రైలు నంబరు, బోగీ నంబరు, సాయం ఎవరికి కావాలో చెప్పి పెట్టుకుంటే నిశ్చింత.

మేం రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కి పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేలా పెట్టుకున్నాం. ఫ్రెచ్చారోస్సాలో గంటన్నర ప్రయాణం. రోమ్ పెద్ద స్టేషన్ తెర్మినిలో సాలా బ్లూ దగ్గరికి ముందుగానే చేరుకున్నాం. చక్రాల కుర్చీతో ఒకబ్బాయి వచ్చాడు. అత్తయ్య కూర్చోనంటే కూర్చోనన్నారు. "నాకేమైందమ్మా? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?" అని నా చెయ్యి పట్టుకున్నారు. ఆ అబ్బాయికి మన భాష ఎలా తెలుస్తుంది! అయినా విషయం కనిపెట్టాడు. కుర్చీ పక్కన పెట్టి, ముందు ఆవిడకి నమస్కారం పెట్టాడు. ఎక్కడ నేర్చుకున్నాడో మరి. అత్తయ్య నవ్వేసి కూర్చున్నారు. జనంతో కిటకిటలాడే ఆ స్టేషన్లో నేరుగా మా బోగీ ముందుకి తీసుకెళ్లి, చిన్న లిఫ్టులాంటి బల్ల మీద కుర్చీతో సహా పైకెత్తి లోపల దింపాడు. ఒక్క మెట్టు ఎక్కలేదావిడ. ఫ్లోరెన్స్‌లో తలుపు తెరుచుకునేసరికి ఇంకో అమ్మాయి లిఫ్టుతో సిద్ధంగా ఉంది. మా ఆయన డబ్బులివ్వబోతే వద్దంది.

ఇంత మంచి సేవని వాడుకోడానికి మొహమాటపడకండి. మన పెద్దవాళ్లు చక్రాల కుర్చీ అనగానే జబ్బు మనిషిననుకుంటారని బాధపడతారు. ఆ సంకోచం దాటించడం మన పని. వెళ్లకముందే ఇంట్లో కూర్చుని నెమ్మదిగా చెప్పండి.

తర్వాతది రోమ్ నుంచి సిసిలీకి రాత్రి రైలు, ఇంటర్‌సిటీ నోత్తె. నాలుగు బెర్తుల గది మొత్తం మేమే తీసుకున్నాం. మన ఫస్ట్ ఏసీ క్యాబిన్ తెలిసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. కింద రెండు, పైన రెండు, తలుపుకి లోపల గడియ, దుప్పటి, దిండు. కింది బెర్తు అత్తయ్యకి. బాత్‌రూమ్ బోగీ చివర ఉంటుంది, రాత్రి పెద్దవాళ్లకి తోడు వెళ్లాలి. మంచి భోజనం దొరుకుతుందని ఆశపడకుండా తినేవి, నీళ్లు వెంట తీసుకోండి. తెర్మినిలోనే అన్నీ దొరుకుతాయి.

ఈ రైలుని ఓడలోకి ఎక్కిస్తారు! ఇటలీ ప్రధాన భూభాగానికీ సిసిలీ ద్వీపానికీ మధ్య మెస్సీనా జలసంధి మీద వంతెన లేదు. ఇవతలి ఒడ్డున విల్లా సాన్ జొవాన్నిలో రైలుని ముక్కలుగా విడదీసి, పట్టాలున్న ఓడ కడుపులోకి ఆ బోగీల్ని నెడతారు. అవతల మెస్సీనాలో మళ్లీ కలుపుతారు. ఈ మొత్తం తతంగానికి గంటన్నర, రెండు గంటలు పడుతుంది. మా బాబు తెల్లవారకముందే లేచి కిటికీకి అతుక్కుపోయాడు. బోగీ ఆగి, వెనక్కి జరిగి, చీకట్లోకి వెళ్లి, గొలుసుల చప్పుడు వినిపించేసరికి, "అమ్మా, మనం ఓడలో ఉన్నాం, రైల్లో కూడా ఉన్నాం!" అని అరిచాడు. వాడూ వాళ్ల నాన్నా డెక్ మీదకి వెళ్లి సూర్యోదయం చూసొచ్చారు. ఆ మెట్లు నిటారుగా ఉంటాయి కాబట్టి అత్తయ్య, నేను బోగీలోనే ఉండిపోయాం. విమానంలో వెళ్తే గంటంబావు పని, నిజమే. కానీ ఎయిర్‌పోర్టుల్లో నడక, లైన్లు, సామాను లెక్కేసుకుంటే పెద్దవాళ్లకి పడుకుని వెళ్లే రైలే సుఖం.

తిండి సంగతి కొంచెం. అత్తయ్య పూర్తి శాకాహారి. టమాటా పాస్తా, మార్గెరీటా పిజ్జా అన్నిచోట్లా దొరికాయి. "సెంజా కార్నె, సెంజా పెష్షె" అంటే మాంసం, చేప లేకుండా అని అర్థం, ఆ మాట నేర్చుకుని వెళ్లండి. కందిపొడి, కరివేపాకు పొడి పట్టుకెళ్లాం. అయితే నెయ్యి, పెరుగు, పాలకోవా లాంటివి మన దేశం నుంచి యూరప్‌లోకి తీసుకెళ్లకూడదు, పాల పదార్థాలకి అనుమతి లేదు. మే నెల కదా అని మామిడిపళ్లు పెట్టుకునేరు, సర్టిఫికెట్ లేకుండా అవీ కుదరవు. రోమ్ వీధుల్లో ఎప్పుడూ పారుతుండే కుళాయిల నీళ్లు చల్లగా, శుభ్రంగా ఉంటాయి. సీసా ఒకటి చేతిలో ఉంటే నీళ్లు కొనక్కర్లేదు.

కతానియా నుంచి రీజనల్ రైల్లో గంటంబావు పోతే సిరాకుసా. అక్కడి పాత ఊరు ఒర్తీజియాలో పెద్ద చర్చి ఉంది. క్రీస్తుకి ముందు అయిదో శతాబ్దంలో అథీనా దేవతకి కట్టిన గుడి స్తంభాల్ని అలాగే ఉంచి, వాటి చుట్టూ చర్చి లేపారు. అత్తయ్య ఆ స్తంభానికి చెయ్యి తాకించి కళ్లకద్దుకున్నారు. స్టేషన్ నుంచి నడిపించకుండా ట్యాక్సీ తీసుకోండి.

ఇన్నిటిలోనూ మా ఇంట్లో ఎక్కువగా చెప్పుకునేది మాత్రం ఎట్నా అగ్నిపర్వతం చుట్టూ తిరిగే చిన్న రైలు, చిర్కుమెట్నేయా. 1895 నుంచి నడుస్తున్న న్యారోగేజ్ లైను. మేం కతానియా నుంచి మామూలు రైల్లో జార్రె-రిపోస్తో వచ్చి, పక్కనే ఉన్న చిన్న స్టేషన్లో ఇదెక్కి రందాజ్జో దాకా వెళ్లాం. నిమ్మతోటలు, ద్రాక్షతోటలు, మధ్యలో నల్లగా గడ్డకట్టిన లావా. 1981లో ఎట్నా పేలినప్పుడు లావా ఈ పట్టాల మీదుగానే పారిందట. రందాజ్జో ఊరంతా ఆ నల్లరాయితోనే కట్టారు.

అత్తయ్య పుట్టిల్లు కాశీనగర్, మా ఊరికీ గుణుపూర్‌కీ మధ్య. నౌపడ నుంచి మా ఊరికి రాజావారు వేయించిన చిన్న లైను 1900లో మొదలైంది, తర్వాత గుణుపూర్ దాకా పొడిగించారు. పెళ్లయి ఆవిడ మా ఊరు వచ్చింది ఆ బండిలోనే. 2004లో దాన్ని ఆపేసి, తర్వాత పెద్ద లైను వేశారు. ఆ బండి మళ్లీ ఎక్కలేదని ఆవిడ ఎప్పుడూ అంటూనే ఉంటారు. ఎట్నా రైలు మొదటి వంపు తిరగ్గానే అత్తయ్య మా ఆయన భుజం తట్టి, "ఒరేయ్, మన గుణుపూర్ బండిలాగే ఊగుతోందిరా!" అన్నారు. ఇక అక్కణ్ణుంచి పుట్టింటి కబుర్లే. ఏ స్టేషన్లో ఎవరు ఎక్కేవారు, ఎక్కడ బండి ఆపి జీడిమామిడి పళ్లు కోసుకునేవారు, అన్నీ మనవడికి చెప్పారు. వాడు ఫోన్ పక్కన పడేసి విన్నాడు. ఇంత దూరం వచ్చిన ఖర్చంతా నాకు ఆ గంటలోనే తిరిగొచ్చింది.

ఈ ఎట్నా రైలు వేరే సంస్థ నడిపేది కాబట్టి సాలా బ్లూ వాళ్లు ఇక్కడికి రారు. ఎక్కేటప్పుడు మెట్ల దగ్గర ఇంట్లోవాళ్లు ఒకరు ముందు, ఒకరు వెనక ఉండాలి. లైనులో కొంత భాగంలో పనులు జరుగుతుంటాయి, ఆ ముక్కకి బస్సు వేస్తారు. బయల్దేరేముందు ఆ వారం టైమ్‌టేబుల్ చూసుకోండి. మామూలు రైళ్లకైతే సమ్మె కబురు ఉందేమో కూడా చూసుకోవాలి. పనిరోజుల్లో సమ్మె జరిగినా పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 దాకా కొన్ని రీజనల్ రైళ్లు తప్పకుండా నడుపుతారు. ఎట్నా రైలుకి మాత్రం ఆదివారం పెట్టుకోకండి, ఆదివారాలూ పండగరోజులూ అది నడవదు.