250 రూపాయల రివర్సల్ రింగ్: కొనొచ్చా?

తమ్ముడి పెళ్లికని కొన్న కెనన్ 700డి కెమెరా మా ఇంట్లో మూడేళ్లుగా బీరువాలో చీరల మధ్య పడుంది. జేబులో ఫోన్ ఉండగా దాన్నెవరు మోస్తారు? చిన్న చిన్న వాటిని దగ్గర్నుంచి పెద్దగా తీసే మాక్రో లెన్స్ దానికొకటి కొందామంటే పదుల వేలు, ఇంట్లో ఆ మాట ఎత్తే ధైర్యం కూడా లేదు. అందుకని ఆన్‌లైన్‌లో 250 రూపాయలు పెట్టి రివర్సల్ రింగ్ తెప్పించాను. నాలుగు నెలలు వాడాక రాస్తున్నాను కాబట్టి మొదటి రోజు మోజు ఇందులో లేదు.

తెలియని వాళ్లకు చెప్పాలంటే, ఇదొక లోహపు చక్రం, అంతే. ఒకవైపు కెమెరాకు బిగిసే మౌంట్, రెండోవైపు లెన్స్ ముందుభాగంలో ఫిల్టర్ పెట్టే చోట పట్టే మరలు. అంటే లెన్స్‌ను తిరగేసి తగిలిస్తాం. దూరంగా ఉన్న పెద్దదాన్ని కెమెరా లోపల బొమ్మ పడే సెన్సర్ మీదకి చిన్నగా దించే లెన్స్, తిరగబడితే చిన్నదాన్ని పెద్దది చేస్తుంది. కెమెరాతో వచ్చిన 18-55 ఎంఎం జూమ్ లెన్సే చాలు. జూమ్ 55 దగ్గర ఉంచి స్కేలు ఫొటో తీస్తే ఫ్రేములో రెండు సెంటీమీటర్ల పైచిలుకు కనిపించింది, 18కి తిప్పితే ఏడెనిమిది మిల్లీమీటర్లే. అవును, ఇక్కడ అంతా తిరకాసు, జూమ్ తగ్గించిన కొద్దీ వస్తువు పెద్దదవుతుంది!

ఇక కష్టాలు. ఆటోఫోకస్ పోతుంది, వణుకు ఆపే స్టెబిలైజేషన్ పోతుంది, ఎపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు దూరే కంత, అది కూడా చేతిలో ఉండదు, ఎందుకంటే దాన్ని ఎంత తెరవాలన్న కబురు కెనన్ లెన్స్‌కి కెమెరా నుంచి కరెంటు ద్వారా వెళ్తుంది, తిరగేసిన లెన్స్‌కి ఆ తీగ తెగినట్టే. మొదటి వారం ఎపర్చర్ పూర్తిగా తెరుచుకుని ఉండగానే తీశాను, చీమ మీసం కొస ఒక్కటే స్పష్టంగా వచ్చి మిగతా చీమంతా మంచులో కలిసిపోయింది. తర్వాత తెలిసిన కిటుకు ఇది: ఎక్కువ భాగం స్పష్టంగా రావాలంటే కంత చిన్నదవ్వాలి, అందుకు లెన్స్ మామూలుగా ఉండగానే ఎపర్చర్ ఎఫ్/8 పెట్టి, మౌంట్ పక్కన ఉండే, కంతని అంతమేరకు మూసే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ బటన్ నొక్కి పట్టుకుని, అది వదలకుండానే లెన్స్ ఊడదీయాలి. ఎపర్చర్ బ్లేడ్లు అలాగే మూసుకుని ఉండిపోతాయి. మూడో చెయ్యి ఉంటే బాగుండేది అనిపిస్తుంది కానీ అలవాటవుతుంది.

ఫోకస్ రింగు తిప్పి లాభం లేదు, మనమే ముందుకీ వెనక్కీ ఊగాలి. లెన్స్‌కీ వస్తువుకీ మధ్య నాలుగైదు సెంటీమీటర్లే ఉంటుంది, ఊపిరి పీల్చినా ఫోకస్ తప్పుతుంది. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద, బొమ్మని జూమ్ చేసుకుని, మెల్లగా ముందుకు ఒరుగుతూ వరసగా ఇరవై తీస్తే ఒకటి దక్కుతుంది. సీతాకోకచిలుకలు ఆశించకండి, మన నీడ పడగానే ఎగిరిపోతాయి. కెమెరా మీదుండే ఫ్లాష్ కూడా దండగ, లెన్స్ నీడే పడుతుంది. ఒకపక్క ఫోన్ టార్చికి బటర్ పేపర్ చుట్టి పెట్టాను, రెండోపక్క తెల్ల థర్మోకోల్ ముక్క ఆనించాను. నా స్టూడియో అదే.

అయినా ఎందుకు కొనమంటున్నానంటే, ఆరుద్ర కార్తెలో నాలుగు చినుకులు పడ్డాక మా ఊరి చేలో ఆరుద్ర పురుగుని తీశాను. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో వేసుకుని తిరిగిన పురుగే, కానీ ఆ ఎర్ర మఖమల్ అంతా విడివిడి వెంట్రుకలని, దానికి ఎనిమిది కాళ్లుంటాయని ఆ రోజే సరిగ్గా చూశాను. బురదలో బోర్లా పడుకుని ఉంటే మా పెదనాన్న గట్టు మీద నుంచి "ఏరా, ఏం పోగొట్టుకున్నావ్?" అని అడిగాడు.

పురుగులంటే గిట్టనివాళ్లకి ఇంట్లోనే బోలెడుంది. నీళ్లలో కాస్త గ్లిజరిన్ కలిపి గడ్డిపరక మీద బొట్టు పెట్టండి, జారకుండా నిలుస్తుంది. వెనక జానెడు దూరంలో ముద్దబంతి పువ్వు పెడితే బొట్టులో పువ్వు తలకిందులుగా కనిపిస్తుంది, కాబట్టి అసలు పువ్వునే తలకిందులుగా పెట్టాలి. గాజు గిన్నెలో నీళ్లు పోసి రెండు చుక్కలు వంటనూనె వేసి, గిన్నెని కాస్త ఎత్తులో ఉంచి కింద రంగుల చీర పరిస్తే నూనె బుడగల్లోకి ఆ రంగులన్నీ వస్తాయి. అమ్మ పోచంపల్లి చీర అంచు కూడా తీశాను. నేయకముందే నూలుకి ముడులు కట్టి రంగులద్దుతారు కదా, ఆ రంగు ఒక పోగు మీద ఎక్కడ ఆగి ఎక్కడ పాకిందో లెక్కపెట్టొచ్చు. నా వరకు ఆ ఒక్క ఫొటోకే 250 గిట్టుబాటైంది.

నాసిరకం సంగతీ చెప్పాలి. నాకొచ్చిన రింగు మరలు గరుకు, రెండోసారికే లెన్స్‌కి పట్టేసింది. చుట్టూ రబ్బరు బ్యాండ్లు వేసి తిప్పితే గానీ రాలేదు, అమ్మినవాళ్లకి మెసేజ్ పెడితే ఉలుకూ పలుకూ లేదు. లెన్స్ వెనక అద్దం బయటికి తేలి ఉంటుంది కాబట్టి దుమ్ము, గీతలు కూడా చూసుకోవాలి. ఖరీదైన లెన్స్‌తో ఈ ప్రయోగం చేయకండి.

కొనేముందు లెన్స్ ముందు సున్నాకి అడ్డగీత గుర్తు పక్కన ఉన్న అంకె చూడండి, రింగు అదే సైజుది కావాలి. నాది 58. చూసుకోకుండా మొదట 52 తెప్పించి నాలిక్కరుచుకున్నాను. అది వాడకుండానే ఉంది, కెనన్ పాత 50 ఎంఎం 1.8 రెండో మోడల్‌కి సరిగ్గా సరిపోతుంది. ఎవరికైనా కావాలంటే కామెంట్ పెట్టండి, కొరియర్ ఖర్చు మీదే.