నీడకు రెండు మాటలు: ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీపై సమీక్ష

చెట్టు కింద కూర్చుంటే దొరికేదీ నీడే, ఎండలో నడిచేవారి వెంట నేల మీద కదిలేదీ నీడే. తెలుగులో ఈ రెంటికీ ఒక్క మాట చాలు. ఇంగ్లీషులో మొదటిది షేడ్, రెండోది షాడో. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులో రెండింటి ఎదుటా ‘నీడ’ అనే ఉండటం వల్ల, ఒకదాని చోట మరొకటి వాడినా తప్పు లేదని నేను చాలాకాలం నమ్మాను. అనువాదాన్ని వృత్తిగా చేపట్టిన తరువాత ఇలాంటి నమ్మకాలు నన్ను పదే పదే చిక్కుల్లో పెట్టాయి. వాటిని ఒక్కొక్కటిగా విడదీసి చూపిన పుస్తకం ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ. 2020లో వెలువడిన దాని పదో కూర్పును, ముఖ్యంగా తికమకపెట్టే మాటల తేడాలు చెప్పే భాగాలను దృష్టిలో పెట్టుకొని ఈ సమీక్ష రాస్తున్నాను.

ఈ నిఘంటువులో అక్కడక్కడ ‘విచ్ వర్డ్?’ అనే శీర్షికతో చిన్న పెట్టెలు కనిపిస్తాయి. షేడ్, షాడోల పెట్టె చెప్పేది ఇది: షేడ్ అంటే ఎండ తగలని, చల్లగా ఉండే చోటు; షాడో అంటే వెలుతురుకు అడ్డం వచ్చిన మనిషిదో వస్తువుదో నల్లగా పడే ఆకారం. దీనితో పాటు మొదటి అర్థంలో షేడ్ లెక్కించడానికి వీలులేని నామవాచకమనీ, షాడోను ఒకటి, రెండు అని లెక్కించవచ్చుననీ కూడా సూచిస్తుంది. నాకు అసలు మెలకువ కలిగించింది ఈ రెండో విషయమే. చోటును చెప్పే మాటకు బహువచనం అక్కరలేదు, ఆకారాన్ని చెప్పే మాటకు కావాలి. ఈ కారణం తెలిసిన తరువాత తేడాను బట్టీపట్టవలసిన పని లేకపోయింది.

ఇంత ఓపికగా చెప్పడానికి కారణం ఈ పుస్తకం పుట్టుకలోనే ఉంది. దీని మూలకర్త ఎ. ఎస్. హార్న్‌బీ జపానులో ఇంగ్లీషు బోధించినవారు. ఆయన సహచరులతో కలిసి తయారుచేసిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. దానినే 1948లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం తిరిగి ప్రచురించింది. ఇంగ్లీషు మాతృభాష కానివారు ఎక్కడ తడబడతారో తరగతి గదిలో చూసిన మనిషి చేసిన పని కనుక, నిర్వచనాలు పాండిత్య ప్రదర్శనకు పోవు. ఇప్పటి కూర్పుల్లోనూ వాటిని చాలావరకు 3000 ముఖ్యమైన మాటల పట్టికను ఆధారం చేసుకొనే రాస్తున్నారు.

అలోన్, లోన్లీ అనే జంటకు కూడా మనం ‘ఒంటరి’ అనే అంటాం. పక్కన ఎవరూ లేకపోవడం అలోన్. అందువల్ల దిగులుపడటం లోన్లీ. ఇంట్లో నలుగురి మధ్య ఉన్నా రెండోది కలగవచ్చు, తోడు లేకపోయినా కలగకపోవచ్చు. హిస్టారిక్, హిస్టారికల్ అనే మాటల విషయంలో పత్రికల భాష మరింత చిక్కు తెచ్చిపెట్టింది. చారిత్రక నవల, చారిత్రక విజయం అని రెండు చోట్లా ఒకే విశేషణం రాస్తాం. కాని నవల గతానికి సంబంధించినది కనుక హిస్టారికల్, విజయం చరిత్రలో నిలిచిపోయేది కనుక హిస్టారిక్.

నాకు అన్నిటికన్నా నచ్చింది రెంట్, హైర్, లెట్ అనే మూడు మాటల పెట్టె. బ్రిటన్‌లో హాలునో దుస్తులనో కొద్దికాలానికి తీసుకుంటే హైర్, ఇంటిని ఎక్కువ కాలానికి తీసుకుంటే రెంట్, యజమాని ఇంటిని అద్దెకు ఇస్తే లెట్. అమెరికాలో హైర్ అనేది ముఖ్యంగా మనుషులను పనిలో పెట్టుకోవడానికి చెప్పే మాట. మనకూ ఇలాంటి ప్రాంతభేదం ఉంది: కోస్తాలో అద్దె ఇల్లు, రాయలసీమలో బాడుగ ఇల్లు, తెలంగాణలో కిరాయి ఇల్లు. ఏ మాట ఎక్కడ చెల్లుతుందో చెప్పకుండా అర్థం మాత్రమే ఇస్తే సగం పనే అవుతుందని ఈ పెట్టె నాకు నేర్పింది.

లోపమని అనలేను గాని, దీనికి ఒక హద్దు ఉంది. ఇది ప్రపంచంలోని విద్యార్థులందరి కోసం రాసినది. తెలుగువారు ప్రత్యేకంగా ఎక్కడ జారిపడతారో దీనికి తెలియదు. హై, టాల్ అనే మాటల మధ్య తేడాను చక్కగా వివరిస్తుంది. మనకు అంతకన్నా ముందు టాల్, లాంగ్ మధ్యనే తడబాటు కలుగుతుంది, ఎందుకంటే మనిషీ పొడుగే, తాడూ పొడుగే. బారో అనే ఒక్క మాట దగ్గర మనకు అప్పు, ఎరువు అని రెండు ఉన్నాయి. వాడుకున్న డబ్బుకు బదులు అంతే డబ్బు తిరిగి ఇచ్చేది అప్పు, తెచ్చుకున్న నగనే తిరిగి ఇచ్చేది ఎరువు. ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అనే సామెతలోని ఎరువు ఇదే. వరి, వడ్లు, బియ్యం, అన్నం అని నాలుగు దశలను వేరుచేసే మనం రైస్ అనే మాట దగ్గర ఆగి ఆలోచించవలసిందే. ఇలాంటివి నేను పుస్తకం అంచుల్లో పెన్సిలుతో రాసుకుంటున్నాను.

ఎప్పుడో ఒకసారి సందేహం తీర్చుకునేవారు దీన్ని కొనవలసిన అవసరం లేదు. ప్రచురణకర్తల వెబ్‌సైటులో నిర్వచనాలు, బ్రిటిష్, అమెరికన్ ఉచ్చారణలు ఉచితంగానే దొరుకుతాయి. బోధించేవారికి, అనువాదకులకు మాత్రం అచ్చు ప్రతినే సిఫారసు చేస్తాను. వెతికిన మాట దగ్గరికి నేరుగా తీసుకుపోయే తెర మీద పక్క పేజీలోని పెట్టె కంటపడదు. షేడ్, షాడోల తేడాను నేను వెతికి పట్టుకోలేదు. మరో మాట కోసం పేజీలు తిప్పుతుంటే అది ఎదురైంది.