తారు రోడ్డు: సంక్రాంతి ముందా, కాలువలు కట్టేశాకా?

కోనసీమలో ఊరి రోడ్డుకు తారు వేయించే అదను ఏడాదికి రెండుసార్లు వస్తుంది. పండక్కి అల్లుళ్లొచ్చేలోగా పూర్తవ్వాలని డిసెంబరు, జనవరిలో ఒకసారి. దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, నీళ్లు ఆపి కాలువలు కట్టేశాక, మే ఎండల్లో ఇంకోసారి. నన్నడిగితే ఊళ్లో వేసే పలచటి రోడ్డుకు వేసవే మేలు. కాకపోతే ఒక షరతు మీద.

తారు పనంతా వేడితోనే. వీజీ-30 అనే రకం తారును కంకరతో ప్లాంటులో 150–165 డిగ్రీల దగ్గర కలుపుతారు, ఆ మిశ్రమమే మాలు. పరిచేటప్పుడు కనీసం 140 ఉండాలని, రోలరు తిరిగేటప్పుడు 90కి తగ్గకూడదని కేంద్ర రహదారుల శాఖ నిబంధన. అంతకంటే చల్లారితే తారు బిగుసుకుంటుంది. ఇక రోలరు ఎన్నిసార్లు తిరిగినా రాయి సర్దుకోదు, నలుగుతుంది. పైకి నున్నగానే కనబడుతుంది గానీ లోపల గాలి సందులు మిగిలిపోతాయి. అవి 8 శాతం దాటితే ఒకదానితో ఒకటి కలిసి నీటికి దారిస్తాయి. అడుగున రేగడి, పక్కన నిండు కాలువ ఉన్న రోడ్డుకు అంతకంటే చేటు లేదు.

మన చలి నిజానికి చలే కాదు. గాలి 10 డిగ్రీలకంటే తగ్గితే పని ఆపమంటుంది అదే నిబంధన. డెల్టాలో ఆ బాధ లేదు. చిక్కంతా మంచుతోనూ దూరంతోనూ. పొద్దున్నే కొబ్బరాకుల నుంచి చుక్కలు రాలుతున్నప్పుడు పాత రోడ్డు మీద వేలు రాసి చూడండి, చెమ్మ తగులుతుంది. దానిమీద కొత్త పొర అతుక్కోదు. పైగా డెల్టాలో రాయి పుట్టదు. కంకర మెట్ట నుంచి రావాలి, ప్లాంటూ ఎక్కువగా కంకర దగ్గరే ఉంటుంది. టార్పాలిన్ సరిగా కప్పని టిప్పరు వంతెనల దగ్గర ఆగి ఆగి వచ్చేసరికి మాలు పైన పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు ఉండలుగా రోడ్డు మీద పడిన చోటే మరుసటి వానాకాలానికి గుంట.

పొర మందం మరీ ముఖ్యం. 25 మిల్లీమీటర్ల పొర చల్లటి నేల మీద, గాలి వీస్తుంటే, పది పదిహేను నిమిషాల్లోనే చల్లారిపోతుంది. మందం రెట్టింపైతే వ్యవధి రెట్టింపుకంటే బాగా పెరుగుతుంది. అందుకే 50 మిల్లీమీటర్లు పరిచే పెద్ద రోడ్డుకు జనవరి అయినా ఫరవాలేదు, మంచు విడిచి నేల ఆరాక మొదలుపెడితే చాలు. ఊరి రోడ్డుకు అంత వెసులుబాటు లేదు.

మే నెలలో పాత తారు నేలే మధ్యాహ్నానికి 60 డిగ్రీలకు కాగుతుంది. రోలరుకు తీరిగ్గా పని దొరుకుతుంది. మాలు మరీ వేడిగా ఉంటే మాత్రం రోలరు ముందు అలలా జరిగి, వెనక సన్నటి అడ్డ పగుళ్లు తేలతాయి. అప్పుడు డ్రైవరును కాసేపు ఆగమనాలి.

షరతు ఇదీ. రోలింగు అయ్యాక రోడ్డు చుట్టుపక్కల వేడికి దిగేదాకా బండ్లు వదలకూడదు. ఎండలో అది సాయంత్రానికీ చల్లారదు. దాళ్వా ధాన్యం లారీలూ చేపల లారీలూ తిరిగే రోజులు, అడ్డు తీయమని ఒత్తిడి గట్టిగానే ఉంటుంది. మెత్తగా ఉండగా లోడు లారీ వెళ్తే చక్రాల దారి గాడిలా దిగి, వానలకు అందులోనే నీళ్లు నిలుస్తాయి. కాబట్టి వేసవిలో పని అడిగేవాళ్లు లారీలు మళ్లడానికి కాలువ రెండో గట్టు దారి ముందే మాట్లాడుకోవాలి, ఆ రాత్రికి అడ్డు దగ్గర మనిషిని పెట్టుకోవాలి. అది కుదరని ఊరికి జనవరే నయం: మధ్యాహ్నం ఎండలో, టార్పాలిన్ కప్పిన మాలుతో, మాలు పరిచే పేవరు యంత్రం వెనకే రోలరు నడిచేలా.