పరంగిమలైలో ట్రంకు పెట్టెల కొట్టు: పదకొండు నెలలు వాడాక రాస్తున్నాను

మీ అబ్బాయికో అమ్మాయికో చెన్నై ఓటీఏ (ఆర్మీ ఆఫీసర్లకి ట్రైనింగ్ ఇచ్చే అకాడమీ) నుంచి జాయినింగ్ లెటర్ వచ్చి సామాను కొనే హడావిడిలో ఉంటే, ముందు ఈ ఒక్క మాట వినండి. ట్రంకు పెట్టె మీ ఊళ్ళో కొనకండి, ఆన్‌లైన్‌లో అసలే తెప్పించకండి. చెన్నై వచ్చాక పరంగిమలై బజార్లో కొనండి, అందుకోసం ఒకరోజు ముందు బయలుదేరాల్సి వచ్చినా సరే. మేము ఆ విషయంలోనే పొరపాటు చేశాం, దాన్ని సరిచేసిన కొట్టు గురించే ఇదంతా రాస్తున్నాను.

మాది వైజాగ్, గాజువాక. మా అమ్మాయి ఆర్మీ ఆఫీసర్ల ఎంపిక పరీక్ష సీడీఎస్ రాసి, బెంగళూరులో ఎస్ఎస్‌బీకి, అంటే ఆ తర్వాత జరిగే ఇంటర్వ్యూకి, రెండుసార్లు వెళ్ళింది. మొదటిసారి తొలిరోజు స్క్రీనింగ్‌లోనే పంపేశారు, రెండోసారి అయిదు రోజులూ ఉండి సెలెక్ట్ అయింది. రెండుసార్లూ ఒకటే చిన్న ట్రాలీ బ్యాగ్. ఓటీఏ అంటే అలా కుదరదు కదా, 49 వారాల ట్రైనింగ్. మంచం కింద పట్టాలి, తాళం పడాలి, పైన పేరు కనపడాలి, నల్ల ట్రంకు పెట్టె అయితేనే మంచిదని ముందు బ్యాచ్ అమ్మాయి ఫోన్లో చెప్పింది. (జాబితా బ్యాచ్ బ్యాచ్‌కీ మారుతుందట, మీకొచ్చిన జాయినింగ్ ఇన్‌స్ట్రక్షన్స్ చూసుకునే కొనండి.) టైమ్ లేదని ఆన్‌లైన్‌లో ఒకటి ఆర్డర్ పెట్టాను. ఫొటోలో బ్రహ్మాండంగా ఉంది. ఇంటికొచ్చాక మా ఆయన మూత మీద వేలితో కొట్టి చూసి, ఇది నూనె డబ్బా రేకులా ఉందే అన్నారు. ఆయన స్టీల్ ప్లాంటులో పనిచేస్తారు, రేకు సంగతి ఆయనకి తెలుసు. నేనే సర్దుకుపోదాం అన్నాను.

రైలెక్కితే ఒక రాత్రి ప్రయాణం. కానీ అమ్మాయి కార్లోనే వెళ్దామంది. "అమ్మా, మళ్ళీ ఏడాది దాకా స్టీరింగ్ పట్టుకోను, నన్ను నడపనీ" అని అడిగితే కాదనలేకపోయాను. మా అత్తగారు జారిపడి తుంటి ఎముక విరగడంతో మా ఆయన ఇల్లు కదిలే వీలు లేదు, అందుకని నేనూ తనూ ఇద్దరమే, మా పాత వ్యాగన్ఆర్‌లో వెనక సీటు మడిచి పెట్టె అడ్డంగా పెట్టుకుని, అక్టోబరులో తెల్లారకముందే బయలుదేరాం. రోడ్డు గురించి చెప్పడానికేం లేదు, 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే చెన్నై దాకా అదే, దాదాపు 800 కిలోమీటర్లు. మొదటిరోజు విజయవాడలో ఆగాం. తుని దాటినప్పటి నుంచి వెనక పెట్టె మూత టకటకా కొట్టుకుంటూనే ఉంది. నేను వెనక్కి తిరిగి చున్నీ మడిచి మూత సందులో దోపాను, ఏలూరు వచ్చేసరికి అది కూడా జారిపోయింది. రెండోరోజు ఒంగోలు దాటాక ఆ చప్పుడు ఆగిపోయింది, పోనీలే సర్దుకుందనుకున్నాను. నెల్లూరులో భోజనానికి ఆగి వెనక డోర్ ఎత్తి చూస్తే ఒక బందు రివెట్లతో సహా ఊడి పడి ఉంది, తాళం కొండీ వంకర పోయింది, ఇస్త్రీ చేసి పెట్టిన తెల్ల చొక్కా ఒకటి రేకు అంచుకి తగిలి చిరిగింది. నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. ఇల్లు వదిలేటప్పుడు రాలేదు, వాళ్ళ నాన్న కారు వెనకాలే వీధి చివరి దాకా నడిచొచ్చినప్పుడు రాలేదు, ఆ చిరిగిన చొక్కా చూస్తే వచ్చింది. మా అమ్మాయి ఆ బందు తీసి డాష్‌బోర్డులో పెట్టి, "చెన్నైలో చూద్దాంలే, ముందు తిను" అంది. తడ దాటి తమిళనాడులో అడుగుపెట్టే దాకా మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు.

చెన్నైలో మా పెద్దమ్మగారి అబ్బాయి ఉంటాడు, విల్లివాక్కంలో, ఐసీఎఫ్ రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పని. రిపోర్టింగ్‌కి ఇంకా ఒకరోజు ఉంది. మర్నాడు పొద్దున్నే అన్నయ్య కోయంబేడు మీదుగా, కత్తిపారా దాటించి మమ్మల్ని నేరుగా ఈ కొట్టుకి తీసుకొచ్చాడు. కొట్టు పేరు పెట్టొద్దు అమ్మా అని దాన్ని నడిపే పెద్దాయన అన్నారు కాబట్టి రాయడం లేదు. పరంగిమలై స్టేషన్‌లో దిగి బజారు వైపు వెళ్ళి, నల్ల పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండే కొట్టు ఏదని అడగండి. స్టేషన్ బోర్డు మీద ఇంగ్లీషులో సెయింట్ థామస్ మౌంట్ అని ఉంటుంది, లోకల్ ట్రైనూ మెట్రో రెండూ అక్కడే.

కొట్టు పది అడుగుల వెడల్పు కూడా ఉండదు. పెద్దాయనకి డెబ్భై దాటి ఉంటాయి, తెలుగాయనే, మద్రాసు తెలుగు. మా విరిగిన పెట్టె చూసి ముందు అడిగిన మాట, "ఇది ఎక్కడ కొంటిరి?" చెప్పాను. ఏమీ అనలేదు. ఒక పెట్టె కిందకి దించి, మూత వేసి, చెప్పులు విప్పి దాని మీద ఎక్కి నిలబడ్డారు. ఆ వయసులో అలా ఎక్కుతారనుకోలేదు, నేను కంగారుపడి చెయ్యి పట్టుకోబోయాను. దిగి, "చూడమ్మా, లొట్ట పడిందా?" అన్నారు. పడలేదు. మా ఆయనకి ఫోన్ చేస్తే గేజ్ ఎంతో అడగమన్నారు. 22 అన్నారు పెద్దాయన. బయట ఎక్కువగా అమ్మేది 26 అట, గేజ్ నంబరు పెరిగేకొద్దీ రేకు పల్చన అవుతుందని కూడా ఆయనే చెప్పారు. పిడి చూపించారు, రేకు లోపలి వైపు ఇంకో పట్టీ వేసి దాని మీద రివెట్ కొట్టారు, అందుకే బరువు పడినా పిడి ఊడి రాదు. మూత అంచులు లోపలికి మడిచి ఉన్నాయి, వేలు పెట్టి చుట్టూ తిప్పినా గీసుకోదు. మా చొక్కా చింపింది అలా మడవని అంచే. 36 అంగుళాల పెట్టె 2,600 చెప్పారు, బేరం ఆడితే వంద తగ్గించారు. ఆన్‌లైన్ పెట్టెకి నేను పెట్టింది 1,900.

అడుగున రెండు చెక్క పట్టీలు కొట్టమని మేం అడగలేదు, ఆయనే కొట్టించారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడ వానలు, గచ్చు తడిగా ఉంటే పెట్టె అడుగు తుప్పు పడుతుంది, గాలి ఆడాలి అన్నారు. లోపల పాత పేపరు పరిచి నాలుగు మూలలా కలరా ఉండలు వేయమన్నారు.

పేరు రాయడం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ కొట్టుకి వెళ్ళాల్సింది ముఖ్యంగా అందుకే. స్టిక్కర్ కటింగ్ కాదు, ఆయనే చేత్తో రాస్తారు. దారానికి సుద్ద రుద్ది, ఒక కొస అమ్మాయిని పట్టుకోమని, రెండో కొస తను పట్టుకుని మధ్యలో లాగి వదిలారు. నల్ల రేకు మీద సన్నటి తెల్ల గీత పడింది. కింద ఇంకొకటి. ఆ రెండు గీతల మధ్య సన్న కుంచెతో, తెల్ల ఎనామిల్ పెయింట్‌తో, ఇంగ్లీషు పెద్దక్షరాలు. మా అమ్మాయి పేరులో ఎనిమిది అక్షరాలు. ఒక్కో అక్షరానికీ ఊపిరి బిగబట్టి, అది అయ్యాక వదిలి, కుంచె డబ్బా అంచుకి రెండుసార్లు ఒత్తి మళ్ళీ మొదలుపెట్టేవారు. మూత మీద ఎందుకండీ, ముందువైపే చాలు కదా అన్నాను. మంచం కింద ఉన్నప్పుడు ముందువైపు కావాలి, లారీలోనో రైల్లోనో ఉన్నప్పుడు మూత కావాలి, రెండు చోట్లా రాయాలన్నారు. అక్షరాలు కుడి పక్కకి జరిగి ఎడమవైపు జానెడు ఖాళీ మిగిలింది. మధ్యలోకి రాలేదండీ అంటే, "ఉండనీయమ్మా, ఆ జాగా కావాలి" అన్నారంతే. ముందువైపూ, మూత మీదా అలాగే రాశారు. అంత శ్రద్ధగా రాసి ఇలా ఒక పక్కకి వదిలేశారేంటని నాకు మనసులో కొంచెం పీకుతూనే ఉంది.

రాస్తూ రాస్తూ మాట్లాడేవారు. 1962 చైనా యుద్ధం తర్వాత, 1963లో ఇక్కడ ఆఫీసర్స్ ట్రైనింగ్ స్కూల్ పెట్టినప్పుడు వాళ్ళ నాన్నగారు కట్లెరీ సామాను మానేసి పెట్టెలు మొదలుపెట్టారట. 1988లో అది అకాడమీ అయినా పెద్దాయన ఇప్పటికీ ఓటీఎస్ అనే అంటారు. 1992లో మొదటిసారి ఆడపిల్లలు ట్రైనింగ్‌కి వచ్చినప్పుడు ఆయన తన చేత్తో రాసిన పేర్లలో మూడు ఇంకా గుర్తున్నాయట, చెప్పారు కూడా, ఆ పేర్లు నేను ఇక్కడ రాయకూడదు. మా అమ్మాయి వెంటనే, 2023 ఏప్రిల్‌లో ఇక్కడ నుంచే అయిదుగురు అమ్మాయిలు మొట్టమొదటిసారి ఆర్టిలరీకి, అంటే ఫిరంగి దళానికి, వెళ్ళారు తాతగారూ, ఆ వార్త చదివే నేను అప్లై చేశాను అంది. నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలీదు. కన్నతల్లిని, నాకు చెప్పని మాట పెట్టెలమ్మే ఆయనకి చెప్పింది. కోపం రాలేదు, ఎక్కడో ఒకచోట చెప్పుకోగలిగింది కదా అనిపించింది.

మధ్యాహ్నానికి వాన పట్టుకుంది. రంగు ఆరడం లేదు. సాయంత్రం ఏడున్నర దాకా టేబుల్ ఫ్యాన్ పెట్టి ఆరబెట్టి, అప్పటికీ అంటుకుంటోందని పెట్టె ఇవ్వలేదు. రేపు పొద్దున్న ఏడింటికి తెరుస్తాను, తీసుకుని అటునుంచి అటే వెళ్ళిపోండి అన్నారు. కొట్టు మామూలుగా తెరిచేది తొమ్మిదింటికి. టెన్షన్‌తో నేను ఆ రాత్రి నిద్రపోలేదు గానీ ఆరూ యాభైకి మేం వెళ్ళేసరికి షట్టర్ ఎత్తి ఉంది.

నచ్చనివి కూడా చెప్తాను. అక్కడ అమ్మే తాళాలు కొనకండి, మాది నెల తిరక్కుండా తుప్పు పట్టి తాళంచెవి తిరగలేదట, లోపల క్యాంటీన్‌లో ఇంకొకటి కొనుక్కుంది. తెల్ల దుప్పట్లు కూడా పల్చన, అవి టీ నగర్‌లో తీసుకోండి. ఫోన్ పే ఉంది, కార్డు లేదు. కారు నిలిపే చోటు లేదు, పెట్టె మోసుకుంటూ వీధి చివరి దాకా రావాల్సిందే. ట్రైనింగ్‌లో నెలకు 56,100 స్టైపెండ్ ఉంది గానీ అది చేతికి వచ్చేలోపు కొనేవన్నీ మన డబ్బుతోనే కాబట్టి అవసరం లేనివి అక్కడ చూసి టెంప్ట్ అవ్వకండి, షూ పాలిష్ కిట్టు ఒకటి ఉంది, చాలా ఖరీదు.

గేటు దగ్గర ఎక్కువసేపు పట్టలేదు. కాగితాలు చూశారు, పెట్టె దించారు. ఒక పిడి తను పట్టుకుంది, ఇంకో పిడి పక్కనే పంజాబీ అమ్మాయి పట్టుకుంది, వాళ్ళిద్దరూ అంతకు నిమిషం ముందే కలుసుకున్నారు. నేను చూసింది పెట్టె ముందువైపు పేరు, అది ఊగుతూ వెళ్ళడం. తిరిగి వచ్చేటప్పుడు విజయవాడ దాకా అన్నయ్య కొడుకు తోడొచ్చాడు. వెనక సీటు గాజువాక వచ్చేదాకా ఎత్తలేదు.

ఇక పెట్టె ఎలా పనిచేసింది అన్నది. సెప్టెంబరులో పాసింగ్ అవుట్ పరేడ్‌కి ఈసారి మా ఆయన కూడా వచ్చారు. పరేడ్ జరిగేది పరమేశ్వరన్ డ్రిల్ స్క్వేర్‌లో. అక్కడే ట్రైనింగ్ తీసుకుని, 1987లో శ్రీలంకలో ప్రాణాలిచ్చి పరమవీర చక్ర పొందిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్ గారి పేరు అది. పిప్పింగ్ అప్పుడు, అంటే భుజాలకి ర్యాంకు నక్షత్రాలు పెట్టేటప్పుడు, ఒక భుజం మీద నేను పెట్టాను, ఇంకో భుజానికి వాళ్ళ నాన్న. ఆయన చేతులు వణికాయి, ప్లాంటులో కొలిమి దగ్గర వణకని చేతులు. పెట్టె అప్పుడు మళ్ళీ చూశాను. మూత మీద ఒకచోట రంగు అరిగిపోయి రేకు మెరుస్తోంది, రోజూ దాని మీదే కూర్చుని బూట్లు పాలిష్ చేసుకునేదట. బందులు గట్టిగా ఉన్నాయి, కొండీ వంగలేదు, కింద చెక్క పట్టీ దగ్గర ఒక అంగుళం తుప్పు తప్ప ఇంకేం లేదు. పదకొండు నెలల వాడకానికి ఇంతకంటే ఏం కావాలి.

మర్నాడు ఆదివారం, పెట్టె కార్లో వేసుకుని ముగ్గురం ఆ కొట్టుకి వెళ్ళాం. (ఆదివారం ఒంటిగంటకి మూసేస్తారు.) థాంక్స్ చెప్పి వద్దామనే వెళ్ళాం. ఆయన అమ్మాయిని గుర్తుపట్టారు, పెట్టె దించమన్నారు, దారానికి సుద్ద రుద్దారు. పేరుకి ఎడమవైపు మిగిలిన ఆ జానెడు జాగాలో, లెఫ్టినెంట్‌కి రాసే రెండు ఇంగ్లీషు అక్షరాలు పెట్టి పక్కన చుక్క పెట్టారు. నేను నోట మాట రాక నిలబడిపోయాను. "కెప్టెన్‌కి నాలుగు అక్షరాలు పడతాయి పాపా, దానికీ జాగా విడిచినాను" అన్నారు అమ్మాయితో. మూత మీద కూడా రాసి, డబ్బులు వద్దన్నారు.

రంగు ఆరడానికి రెండు గంటలు అక్కడే కూర్చున్నాం. మా ఆయన మూత అంచు రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చూసి, 22 గేజే అన్నారు.