ఎనామెల్ గాజు పాత్రలు: పాత ఇంట్లో కొనాలా, ఆన్‌లైన్ వేలంలోనా?

చేత్తో పూలు గీసిన పాత కూజాలు, అత్తరు బుడ్లు పోగుచేసేవాళ్లకి ఈ టెన్షన్ ఎప్పుడూ ఉండేదే.

తడిమి చూడటం: నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ఎనామెల్ అంటే రంగు గాజు పొడి. కుంచెతో వేసి కొలిమిలో కాలిస్తే పాత్రకి కరిగి అతుక్కుంటుంది. పూరేకు వేలికి ఎత్తుగా తగులుతుంది, గోరు తగిలినా ఊడదు. కాల్చకుండా పైపైన వేసిన రంగు పెచ్చులుగా లేస్తుంది. ఇంట్లో ఇది నిమిషంలో తేలుతుంది. ఫొటోలో తేలదు.

ఖర్చు: ఇంట్లో బేరమాడొచ్చు. వేలంలో పాట ధర మీద కమీషన్, రవాణా, విదేశాల నుంచైతే కస్టమ్స్ సుంకం.

శ్రమ: పాలకొల్లు నుంచి అమలాపురం దాకా మండువా ఇళ్లు తిరగాలి. పెద్దావిడ నమ్మితేనే అటక మీది పెట్టె దిగుతుంది. వేలానికి ఫోన్ చాలు.

రిస్క్: వేలంలో కొన్న కూజా మూత నాకు రెండు ముక్కలై వచ్చింది. ఇళ్లలో వేరే నష్టం: చింతపండు పెట్టి తోమితే బంగారు అంచు అరిగిపోతుంది. అంచు చూశాకే ధర మాట్లాడండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇళ్లలోనే కొనండి, చేతికి అలవాటవుతుంది. 1857లో కార్ల్స్‌బాడ్‌లో (ఇప్పటి చెక్ దేశంలోని కార్లొవీ వారీ) మొదలైన మోజర్ గాజు కంపెనీ లాంటి ఫలానా పనితనమే కావాలంటే వేలం మేలు. అప్పుడు కూడా అంచులు, అడుగు దగ్గరగా తీసిన ఫొటోలు అడిగి తెప్పించుకోండి.