మూడు ముక్కల సేఫ్టీ రేజర్: అరిగేది ఒక్క బ్లేడే

విప్పితే మూడే ముక్కలు: బ్లేడును వంచి పట్టుకునే పైకప్పు, దాని కింద ప్లేటు, ప్లేటు కింద పిడి. స్ప్రింగు లేదు, జిగురు లేదు, కీలు లేదు. డబుల్ ఎడ్జ్, అంటే రెండు అంచులా పదునుండే బ్లేడు వాడే సేఫ్టీ రేజర్లలో కొనదగ్గది ఈ రకమే. ఈ కోవలో బాగా పేరున్నది జర్మనీకి చెందిన మ్యూలె కంపెనీ ఆర్89. దాని తల జింకు మిశ్రమంతో పోత పోసి, పైన క్రోమ్ పూత వేసింది. బరువు 60 గ్రాముల పైచిలుకు. ఇక్కడ చెప్పేదంతా దాదాపుగా ఈ తరహా రేజర్లన్నిటికీ వర్తిస్తుంది.

దీని అసలు బలం లోహంతో చేయడం కాదు. మెరిసే ఇనుప పిడికి ప్లాస్టిక్ కార్ట్రిడ్జ్ తగిలించి పర్యావరణం పేరుతో అమ్మేవీ ఉన్నాయి, వాటితో ఒరిగేదేమీ లేదు. కార్ట్రిడ్జ్‌లో ప్లాస్టిక్ చట్రం, ఉక్కు పలకలు, రబ్బరు అంచు, జారుడు పట్టీ అన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. చేత్తో విడదీయలేం, కాబట్టి మామూలుగా చెత్తలోకే పోతుంది. ఈ రేజర్‌లో మాత్రం అరిగేది బ్లేడొక్కటే. మందం 0.1 మిల్లీమీటరు, బరువు 1 గ్రాములోపే, మొత్తం ఉక్కు. కింగ్ క్యాంప్ జిల్లెట్‌కు 1904లో పేటెంట్ వచ్చిన ఈ పద్ధతి మీద ఇప్పుడు ఎవరికీ గుత్తహక్కు లేదు. అందువల్ల ఏ కంపెనీ డబుల్ ఎడ్జ్ బ్లేడైనా ఇందులో కూర్చుంటుంది. పిడి మరలు కూడా చాలా రేజర్లలో ఎం5 (5 మిల్లీమీటర్ల మర) కొలతవే. తల పాడైతే తల, పిడి పాడైతే పిడి మార్చుకోవచ్చు. అయితే బ్లేడు కూడా వాడి పారేసేదే కదా! అందుకే ‘జీరో వేస్ట్’ అని పెట్టె మీద రాయడం సరికాదు. చెత్త తగ్గుతుంది, ఒకే పదార్థంగా మిగులుతుంది, అంతవరకే.

తిప్పితే పైన రెండు రెక్కలు తెరుచుకునే రకం చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఆ కీళ్లలో సబ్బు మడ్డి, వెంట్రుకలు ఇరుక్కుంటాయి. రెక్క ఒక్క వెంట్రుకవాసి పక్కకు పోయినా బ్లేడు సమంగా నిలవదు, ఇంట్లో బాగుచేసుకునే వీలూ ఉండదు.

బ్లేడు బిగించేటప్పుడు పైకప్పును బోర్లా పట్టుకుని, దాని మొలకల మీద బ్లేడు పెట్టి, ప్లేటు వేసి, పిడి తిప్పాలి. బ్లేడును పదునులేని పొట్టి అంచుల దగ్గరే పట్టుకోవాలి. బిగించాక తలను కళ్లకు ఎదురుగా ఎత్తి చూస్తే రెండు వైపులా బ్లేడు అంచు ఒకే మేర కనిపించాలి. ఒకవైపు ఎక్కువ కనిపిస్తే ఆ వైపు గాట్లు పడతాయి, రెండోవైపు తెగదు. పిడిని అర చుట్టు వదులు చేసి, కప్పునూ ప్లేటునూ వేళ్లతో అదిమి పట్టి మళ్లీ బిగిస్తే సరి. వేళ్ల బిగువు చాలు. జింకు పోతకు ఇత్తడికున్నంత ఓర్పు లేదు. పైగా మరల మధ్యకు సబ్బునీరు చేరి, పూత పలచబడిన చోట తినేస్తుంది. బలం కొద్దీ బిగిస్తూ పోతే ఒకరోజు కప్పు కింద ఉండే మరమేకు విరిగి పిడిలోనే ఉండిపోతుంది. ఈ రకం రేజర్లకు వచ్చే పెద్ద జబ్బు ఇదే. స్టెయిన్‌లెస్ స్టీల్ తలకు ఈ బెడద ఉండదు, ఖర్చు భరించగలిగితే అదే మేలు.

గీసే పద్ధతి మార్చుకోకుండా రేజర్‌ను తిట్టడం అన్యాయం. కార్ట్రిడ్జ్ తల ఊగుతుంది, కాబట్టి ఒత్తి గీసినా చెల్లుతుంది. ఇక్కడ తల కదలదు, ఒత్తితే కోస్తుంది. మొదట్లో తెగడానికి కారణం చాలావరకు ఇదే. గోరువెచ్చని నీళ్లతో గడ్డాన్ని రెండు నిమిషాలు నానబెట్టి, సబ్బు నురగ పట్టించాలి. పిడిని చెంపకు లంబంగా, కప్పు మాత్రమే చర్మానికి తగిలేలా పెట్టి, మెల్లగా కిందికి వాల్చాలి. బ్లేడు వెంట్రుకను అందుకున్న చప్పుడు వినగానే ఆగాలి. బ్లేడుకూ చర్మానికీ మధ్య సుమారు 30 డిగ్రీల కోణం అది. అక్కడి నుంచి 2, 3 సెంటీమీటర్ల చిన్న గీతలు, రేజర్ బరువుతోనే, వెంట్రుకల వాలు వెంబడే. ఇంకా నున్నగా కావాలంటే మళ్లీ నురగ పెట్టి అడ్డంగా గీయాలి. ఎదురు గీయడం చేయి కుదిరాకే. మెడ మీద వెంట్రుకల వాలు చాలామందికి ఒక్కతీరుగా ఉండదు, ముందే వేలితో తడిమి చూసుకోవాలి.

ముక్కు కింద మాత్రం ఇది ఇబ్బందే. తల మందం వల్ల ఆ ఇరుకులో కోణం దొరకదు. పై పెదవిని పళ్ల మీదికి సాగదీసి గీస్తే కొంత నయం.

బ్లేడు ఎంపికతో అదే రేజర్ వేరే రేజర్‌లా అనిపిస్తుంది. జపాన్ కంపెనీ ఫెదర్ బ్లేడ్ల లాంటి మరీ పదునైనవి కొత్తవాళ్లకు వద్దు. ఒక బ్లేడు సాధారణంగా నాలుగు నుంచి ఆరు షేవింగ్‌లకు వస్తుంది. వెంట్రుక లాగుతున్నట్టు అనిపించిందంటే దాని పని అయిపోయినట్టే, ఇంకోసారి లాగిద్దామని చూస్తే చర్మం మండుతుంది. కొనేటప్పుడు కాగితంలో చుట్టి అట్టపెట్టెలో వచ్చేవి తీసుకోవాలి. అయిదేసి బ్లేడ్లకు ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చేవి కొంటే ఇంత కష్టానికీ అర్థం లేదు.

పని అయ్యాక పిడి కాస్త వదులు చేసి, కడిగి, విదిలించి ఆరబెట్టాలి. బ్లేడును గుడ్డతో తుడవకూడదు, అంచు మీది సన్నని పూత పోతుంది, వేలూ తెగుతుంది. వారానికోసారి మూడు ముక్కలూ విప్పి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే మడ్డి చేరదు. ఉప్పునీటి తెల్లమరకలకు వెనిగర్ కలిపిన నీళ్లలో కొద్ది నిమిషాలు ముంచి కడిగేయాలి. రాత్రంతా వదిలేస్తే క్రోమ్ పూత దెబ్బతినవచ్చు. స్టాండు, చెక్కపెట్టె, తోలు సంచి కలిపి అమ్మే సెట్లు అక్కర్లేదు. ఇంట్లో కార్ట్రిడ్జ్‌లు మిగిలి ఉంటే ముందు అవి పూర్తిచేశాకే దీన్ని కొనండి.

వాడిన బ్లేడ్లను చెత్తబుట్టలో విడిగా వేయకండి, చెత్త ఏరేవాళ్ల చేతులు తెగుతాయి. మూత సీలు ఊడని ఇనుప టిన్నుకు 2.5 సెంటీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల వెడల్పు చీలిక పెట్టి, లోపలి సరుకు ఒంపేసి కడిగి ఆరబెట్టండి. బ్లేడు వెడల్పు 22 మిల్లీమీటర్లే కాబట్టి పొట్టి అంచు ముందుగా తేలిగ్గా జారుతుంది. నిండటానికి ఏళ్లు పడుతుంది. నిండాక చీలికను సుత్తితో అణిచి మూసి, లోపల బ్లేడ్లున్నాయని పైన రాసి, తీసుకుంటారో లేదో ముందే అడిగి పాత ఇనుముకు ఇవ్వాలి. డబ్బా, బ్లేడ్లు రెండూ ఉక్కే కనుక అన్నీ కలిపి కరిగించవచ్చు.