లార్జా, స్మాలా? 60 పెట్టాలా, 80 పెట్టాలా?

నడుమెత్తు టవర్ స్పీకర్లు కొని హాల్లో టీవీకి అటూ ఇటూ నిలబెట్టుకున్నవారికి, హోమ్ థియేటర్ రిసీవర్ (స్పీకర్లన్నిటికీ శబ్దం పంచి నడిపే పెట్టె) మెనూలో వాటి పేరు పక్కన ‘స్మాల్’ అని కనబడితే మనసు చివుక్కుమంటుంది. అంత డబ్బు పోసి కొన్నవి స్మాల్ ఎలా అవుతాయని వెంటనే ‘లార్జ్’కు మార్చేస్తారు. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇంట్లో సబ్ వూఫర్, అంటే బేస్ కోసమే ఉండే పెద్ద స్పీకరు, ఉంటే దాదాపు ఎప్పుడూ స్మాలే మేలు. క్రాసోవర్‌ను, అంటే స్పీకరుకూ సబ్ వూఫర్‌కూ మధ్య శబ్దాన్ని పంచే గీతను, 80 హెర్ట్జ్‌తో మొదలుపెట్టి, అక్కడి నుంచి అవసరమైతేనే జరగాలి.

ఈ సెట్టింగుకు పెట్టె ఎత్తుతో సంబంధం లేదు. లార్జ్ పెడితే ఆ స్పీకరుకు కేటాయించిన చానల్‌లో ఉన్న శబ్దమంతా, అట్టడుగు బేస్‌తో సహా, ఆ స్పీకరుకే వెళుతుంది. స్మాల్ పెడితే క్రాసోవర్‌కు దిగువన ఉన్న బేస్‌ను రిసీవర్ ఆ స్పీకరు నుంచి తప్పించి సబ్ వూఫర్‌కు మళ్లిస్తుంది. తేల్చుకోవలసింది ఒక్కటే: ఆ బరువు ఎవరు మోస్తే బాగుంటుంది?

బరువు అన్నది ఊరికే కాదు. ఒక స్పీకరు కోన్ (ముందుకూ వెనక్కూ కదిలే గరాటు) 80 హెర్ట్జ్ దగ్గర ఒక మిల్లీమీటరు కదిలి ఇచ్చిన శబ్దాన్నే 40 హెర్ట్జ్ దగ్గర ఇవ్వాలంటే నాలుగు మిల్లీమీటర్లు కదలాలి. 20 దగ్గరైతే పదహారు. ఆరున్నర అంగుళాల వూఫర్‌కు అది శక్తికి మించిన పని. రంధ్రమున్న పెట్టెల్లో పరిస్థితి ఇంకా కష్టం. ఆ రంధ్రాన్ని ఏ స్థాయికి శ్రుతి చేశారో దానికి దిగువన కోన్‌కు లోపలి గాలి ఆసరా తప్పిపోతుంది, కదలిక హద్దు దాటుతుంది, వచ్చే బేస్ మాత్రం అంతంతమాత్రమే. పేలుడు దృశ్యం వచ్చినప్పుడు లార్జ్‌లో ఉన్న టవర్ల జాలీ తీసి వూఫర్‌ను చూస్తే, విపరీతంగా ఊగుతూ ఉంటుంది. అదే సమయంలో మాటలు, వయొలిన్లు కూడా ఆ ఊగుతున్న కోన్‌లోంచే రావాలి కాబట్టి అవి మసకబారతాయి. 80 దగ్గర స్మాల్ చేసి అదే దృశ్యం మళ్లీ పెట్టండి. కోన్ దాదాపు నిశ్చలంగా కనిపిస్తుంది, మాట తేటపడుతుంది.

రిసీవర్‌కూ ఊరటే. పెట్టె మీద అచ్చువేసే వాట్లు మామూలుగా రెండు చానళ్లు మాత్రమే నడిపి కొలిచినవి. అయిదు, ఏడు స్పీకర్లు ఒకేసారి బేస్ అడిగితే అంత శక్తి ఇవ్వలేదు. సబ్ వూఫర్‌కు సొంత ఆంప్లిఫయర్ ఉంటుంది. భారం అటు పోతే మిగతా చానళ్లు తేలికగా ఊపిరి తీసుకుంటాయి.

అన్నిటికన్నా పెద్ద కారణం గది. మన ఇళ్లలో ఇటుక, సిమెంటు గోడలు బేస్‌ను లోపలే బంధించి ఉంచుతాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో చెక్క చట్రం మీద జిప్సం పలకలు కొట్టిన ఇంట్లో గోడలే కొంత బేస్‌ను మింగేస్తాయి. అందుకే అక్కడ బాగా మోగిన సెట్టే ఇక్కడి పడకగదిలో బేస్‌తో మోతెక్కిపోతుంది. ఎదురెదురు గోడల మధ్య 12 అడుగులుంటే సుమారు 47 హెర్ట్జ్ దగ్గర గది తనంతట తానే ప్రతిధ్వనిస్తుంది. సోఫా గోడకు ఆనించి ఉంటే ఆ స్వరం చెవుల్లో మోత మోగిస్తుంది. సరిగ్గా గది మధ్యలో కూర్చుంటే అదే స్వరం మాయమవుతుంది. టవర్లను టీవీకి ఇరుపక్కలా తప్ప మరోచోట పెట్టలేం, బేస్ కోసం వాటిని జరపలేం. సబ్ వూఫర్‌ను మాత్రం ఏ మూలకైనా లాక్కెళ్లవచ్చు. దాన్ని కాసేపు మనం కూర్చునే చోట పెట్టి, బేస్ ఎక్కువున్న పాట వేసి, గోడల వెంబడి చెవి నేలకు దగ్గరగా ఉంచి పాకుతూ వెళితే, ఎక్కడ బేస్ సమంగా, గట్టిగా వినబడుతుందో అక్కడ దాన్ని పెట్టేయవచ్చు. ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. లార్జ్ పెట్టినవారికి ఈ అవకాశమే లేదు.

మరి లార్జ్ ఎప్పుడు? సబ్ వూఫర్ లేకపోతే. అప్పుడు చాలా రిసీవర్లు ముందు స్పీకర్లను తామే లార్జ్‌కు బిగించేస్తాయి. నిజంగా 30 హెర్ట్జ్ దాకా దిగగల భారీ స్పీకర్లు, విడిగా మంచి ఆంప్లిఫయర్ ఉండి, ప్రధానంగా స్టీరియో సంగీతం వినేవారికీ లార్జ్ సరిపోతుంది. కర్ణాటక కచేరీలో గాత్రం, వయొలిన్, వేణువు దాదాపు 80 హెర్ట్జ్ పైనే ఉంటాయి కాబట్టి ఏది పెట్టినా పెద్ద తేడా వినబడదు. సినిమాకు వచ్చేసరికే కథ మారుతుంది. ఇంకో మాట, అన్నీ లార్జ్‌లో ఉంటే స్టీరియో పాటలకు సబ్ వూఫర్ మూగబోతుంది. దానికి చేరేది సినిమాల్లో బేస్ కోసమే విడిగా వచ్చే ఎల్ఎఫ్ఈ చానల్ మాత్రమే. ‘సినిమాకు మోగుతోంది, పాటకు మోగడం లేదు, పాడైందా?’ అన్న అనుమానానికి చాలాసార్లు జవాబు ఇదే.

రెండూ కావాలనే ఆశకు లొంగినవారి కోసం మూడో దారి ఒకటుంది. డెనాన్, మరాంట్జ్‌లలో దాన్ని ‘ఎల్ఎఫ్ఈ ప్లస్ మెయిన్’ అంటారు, యమహాలో ‘ఎక్స్‌ట్రా బేస్’. ఒకే బేస్ టవర్ల నుంచీ సబ్ వూఫర్ నుంచీ వస్తుంది. మొదటి అయిదు నిమిషాలు ఘనంగానే ఉంటుంది. కానీ మూడు చోట్ల నుంచి వచ్చే ఒకే తరంగం ఒక చోట కలిసి రెట్టింపవుతుంది, ఇంకోచోట కొట్టేసుకుంటుంది. ఎక్కడ ఏది జరుగుతుందన్నది గది దయ. కొలిచి సరిచేసుకునే ఓపిక లేనివారికి నేను దీన్ని సిఫారసు చేయను. బేస్ మరీ కావాలంటే రెండో సబ్ వూఫర్ కొనడం తెలివైన పని. కింద ఫ్లాటువారి సంగతి వేరే.

ఇక సంఖ్య. సినిమా శబ్దానికి నాణ్యతా ప్రమాణాలు పెట్టే టీహెచ్ఎక్స్ 80 హెర్ట్జ్ ఎంచుకోవడం వెనుక చెవి లక్షణం ఉంది. ఆ స్థాయిలో తరంగం పొడవు దాదాపు 14 అడుగులు. అంత పొడవైన తరంగం ఏ దిక్కు నుంచి వస్తోందో మనిషి చెవి పోల్చుకోలేదు. కాబట్టి సబ్ వూఫర్ ఏ మూలన ఉన్నా, బేస్ తెర మీద నుంచే వస్తున్నట్టు అనిపిస్తుంది. క్రాసోవర్ పెంచేకొద్దీ ఈ సౌకర్యం కరుగుతుంది. మూడంగుళాల చిన్న శాటిలైట్ స్పీకర్లకు 120, 150 పెట్టక తప్పదు. అప్పుడు సోఫా పక్క మూలలో సబ్ వూఫర్ ఉంటే, వార్తలు చదివే మగ గొంతులోని గాంభీర్యం టీవీ వదిలేసి మన మోచేతి దగ్గర నుంచి వస్తుంది. ఆ సెట్లకు సబ్ వూఫర్‌ను టీవీ పక్కకే తేవాలి.

అయిదంగుళాల బుక్‌షెల్ఫ్ స్పీకర్లకు 80 లేదా 90 సరిగ్గా అమరుతుంది. కరపత్రంలో ‘45 హెర్ట్జ్ నుంచి’ అని ఉందని 50 పెట్టేయకండి. అది మూడు డెసిబెల్స్ తగ్గుదలతో కొలిచారా, పది తగ్గుదలతోనా చూడాలి. రెండో పద్ధతిలో ఏ స్పీకరైనా గొప్పగానే కనబడుతుంది. స్పీకరు నిజంగా ఎక్కడ తగ్గడం మొదలుపెడుతుందో అక్కడికి సగం ఆక్టేవ్ (హెర్ట్జ్ రెట్టింపైతే ఒక ఆక్టేవ్) పైన, అంటే 60కి తగ్గే స్పీకరుకు 80, 90 మధ్యన, గీత గీస్తే కలయిక సాఫీగా ఉంటుంది.

అసలు తగవు టవర్ల దగ్గరే, 60కా 80కా అని. సంగీతం ఎక్కువ వింటూ, సబ్ వూఫర్ మామూలుదై, టవర్లు మంచివైతే 60 పెట్టి చూడండి. డ్రమ్ము దెబ్బలోని బిగువు చాలావరకు టవర్ల దగ్గరే ఉండిపోతుంది. సినిమాలు గట్టిగా పెట్టుకునేవారికి 80. ఇద్దరిలో ఎవరో తేల్చుకోలేనివారికీ 80యే. 40 అన్న అంకె మెనూలో ఉంది గాని, ఇళ్లలో దానికి అర్హమైన స్పీకర్లు అరుదు. టీవీ స్టాండు అరలో ఇరికించిన సెంటర్ స్పీకరు మాటల్ని కుండలోంచి వస్తున్నట్టు పలుకుతుంటే దానికొక్కదానికే 100 పెట్టవచ్చు. వెనుకవాటికీ, పైకప్పు స్పీకర్లకూ 100, 120 చాలు.

మైక్ పెట్టి ఆటోమేటిక్ కొలత నడిపిన తరువాత ఈ సెట్టింగులను మరోసారి చూసుకోవాలి. రిసీవర్‌లో ఈ కొలత నడిపే ఆడిస్సీ వంటి ప్రోగ్రాములు స్పీకరు 40 దాకా దిగుతుందని తేలితే లార్జ్ అని రాసుకోవడం మామూలే, దాన్ని చేత్తో స్మాల్ చేయవచ్చు. క్రాసోవర్ అంకెను పెంచవచ్చు, అది కనిపెట్టిన దానికన్నా తగ్గించకూడదు. ఎందుకంటే ఆ దిగువ భాగానికి అది సవరణ చేసి ఉండదు. కొలత మళ్లీ నడిపితే మీరు మార్చినవన్నీ పోయి పాతవే వస్తాయి. సబ్ వూఫర్ వెనుక ఉండే క్రాసోవర్ మీటను చివరికంటా తిప్పేయాలి, లేదా ఎల్ఎఫ్ఈ గుర్తు మీద ఉంచాలి. లేకపోతే వడపోత రెండుసార్లు జరిగి, 80 చుట్టుపక్కల గుంత పడుతుంది. మెనూలో ‘ఎల్‌పీఎఫ్ ఫర్ ఎల్ఎఫ్ఈ’ అని కనబడే 120 వేరే సంగతి, అది ఎల్ఎఫ్ఈ చానల్‌కు మాత్రమే వర్తించే వడపోత, దాన్ని కదపవద్దు.

చివరగా బేస్ గిటారు స్పష్టంగా వినబడే పాట ఒకటి వేసి, ఒకరిని సబ్ వూఫర్ దగ్గర నిలబెట్టి, ఫేజ్ మీటను (సబ్ వూఫర్ తరంగాన్ని తిరగేసేది) 0కూ 180కీ మార్చమని మీరు మీ చోటే కూర్చోండి. ఏ వైపున బేస్ నిండుగా వస్తే అక్కడ వదిలేయండి.